మళ్ళీ అడిగే గౌరవ సభ్యుడు

ఆయన పోయిన సంగతి నాకు మంగళవారం పొద్దున వచ్చిన పనిలోనే తెలిసింది. లండన్‌లో కామన్స్ సభ రికార్డింగు, నలభై నిమిషాలు. పాపకు ఉప్మా తినిపించి, కంప్యూటర్ ముందు కూర్చుని మొదలుపెట్టాను. స్పీకర్ గొంతు సవరించుకుని, సభ ఒక సభ్యుణ్ణి కోల్పోయిందన్నాడు. ఊరి పేరు చెప్పాడు. నాకు దుఃఖం రావాలి. చిరాకు వచ్చింది. ఇన్నేళ్ళు ఇంత సతాయించి, ఏదీ తేల్చకుండానే పోయావా పెద్దాయనా అనుకున్నాను.

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. పట్టు వదలని మనిషి అన్నారు. ఎవరో ప్రసూతి వార్డు మాట ఎత్తగానే సభంతా నవ్వింది. ప్రేమగా నవ్విన నవ్వే. అయినా నాకు ఒళ్ళు మండింది. ఇంతమందికి ఇంత బాగా గుర్తుంది కదా, మరి ఆ వార్డు తెరవడానికి ఏం అడ్డొచ్చింది?

ఆ సభలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఫలానా ఊరి గౌరవ సభ్యుడు అంటారు. అందుకని నేనూ ఆయన పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. మా ఇంట్లో ఆయనకు వేరే పేరుంది. పురుడు తాత.

మాది ఎల్లారెడ్డికి దగ్గరే, కాకపోతే మధ్యలో వాగుంది. కామారెడ్డిలో డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక, బుజ్జి పుట్టాక, బయటికెళ్ళి పని చేసే వీలు లేక ఇంట్లో కూర్చుని చేసే ఈ పని పట్టుకున్నాను. విదేశాల సభల్లో ఎవరేం మాట్లాడారో కంప్యూటరే విని ముందుగా టైపు చేసి పెడుతుంది. అది తప్పు విన్నచోట నేను దిద్దాలి. దిద్దాక ఒక్కో ప్రసంగానికి ఒక్కో గుర్తు పెట్టాలి. కొత్త విషయమైతే ఒక మీట, మంత్రి జవాబైతే ఒక మీట, ఇంతకుముందు చెప్పిందే చెబితే ‘రిపీట్’ అని ఒక మీట. రిపీట్ నొక్కితే ఆ ప్రసంగం సారాంశంలోకి పోదు. ‘పాత విషయమే ప్రస్తావించారు’ అని ఒక్క వాక్యం మిగులుతుంది. ఆ సారాంశాలు ఎవరు చదువుతారో నాకు తెలియదు. ఎవరో చదువుతారు కాబట్టే నాకు పని దొరికింది.

ఆయన్ని మొదటిసారి విన్నప్పుడు బుజ్జికి ఆరో నెల. వెనక నుంచి రెండో వరుసలో, నడవ పక్కన చివరి సీటు ఆయనది. లేవాలంటే ముందు ఎడమ మోకాలిని రెండు చేతులతో పట్టుకుని సర్దుకోవాలి. లేచాక జేబులన్నీ తడుముకుని కళ్ళద్దాలు తీసేవాడు. తీసి పెట్టుకుంటాడా అంటే లేదు, చేతిలో పట్టుకునేవాడు. కాగితాన్ని రెండుసార్లు తట్టేవాడు. ఒక దగ్గు. ఆ తర్వాత ఏ రోజైనా, ఏ చర్చైనా, అదే మొదటి మాట:

“ఈ విషయం మళ్ళీ ఎత్తుతున్నందుకు నేను క్షమాపణ చెప్పుకోను.”

విషయం ఒక్కటే. ఆయన ఊరి చిన్న ఆసుపత్రిలో పురుళ్ళు పోసే వార్డు ఉండేది. దాన్ని మూసేసి, నలభై మైళ్ళ అవతల పెద్ద ఊరి ఆసుపత్రిలో కలిపేశారు. దాన్ని తిరిగి తెరవాలి. చర్చ బడ్జెట్ మీదైనా, బడుల మీదైనా ఆయన అక్కడికే వచ్చేవాడు. ఒకరోజు చేపల వేట మీద చర్చ. ఇందులో ఎట్లా దూరతాడో చూద్దామని పంతంగా విన్నాను. చేపల లారీలు పోయే రోడ్డే నిండు గర్భిణులు పోయే రోడ్డు అన్నాడు. తల పట్టుకున్నాను. ఆ రోడ్డు నేను కళ్ళతో చూడలేదు కానీ దాని మలుపులు నాకు నోటికొచ్చు. గొర్రెలు అడ్డొచ్చే మలుపు. మంచు పేరుకునే మలుపు. ఫోను అందని మలుపు.

మంత్రుల జవాబు కూడా ఒక్కటే. నేను చూస్తుండగానే ముగ్గురు మంత్రులు మారారు, జవాబు మారలేదు. గౌరవ సభ్యుడి పట్టుదలను అభినందిస్తున్నాను. విషయం పరిశీలనలో ఉంది. ఆయన “కృతజ్ఞుణ్ణి” అని కూర్చునేవాడు. దేనికి కృతజ్ఞత? ఆ మాట దిద్దుతున్న ప్రతిసారీ పళ్ళు కొరుక్కునేదాన్ని.

బుజ్జి హెడ్‌ఫోన్ల తీగ కొరికేయడంతో ఆయన మా ఇంట్లో అందరికీ తెలిశాడు. కొత్తవి వచ్చేదాకా రికార్డింగు బయటికే పెట్టి పని చేశాను. మా అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. చిన్నప్పటినుంచి అదే పని. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా నాలుగో రోజుకే ఆ దగ్గు గుర్తుపట్టింది.

“ఎవలే గా ముసలాయన? దినాం ఎవలితోనో కొట్లాడుతుండు?”

“కొట్లాట కాదు అత్తమ్మా. సభల మాట్లాడుతుండు. పెద్ద నాయకుడు.”

“ఏం గావాల్నంట?”

“వాళ్ళూర్ల పురుడు పోసే దవఖాన.”

అత్తమ్మ దారం తెంపి బీడీని చేటలో వేసింది. “ఇంకా ఇయ్యలేదా?”

“లేదు.”

“నాయకునికే ఇయ్యకపోతే ఇగ మనసొంటోళ్ళకు ఏడ ఇస్తరు? మల్ల అడుగుమను.”

నేనెక్కడ చెప్పేది! కానీ ఆ రోజునుంచి అదొక అలవాటైపోయింది. దగ్గు వినపడగానే అత్తమ్మ “పురుడు తాత అచ్చిండు” అనేది. బుజ్జి “తాతా” అని తెర మీద చెయ్యి కొట్టేది. చివర్లో అత్తమ్మ అడిగేది, “ఇచ్చిండ్రా?” లేదని చెప్పేదాన్ని. “మల్ల అడుగుమను” అని ఇంకో ఆకు తీసుకునేది.

ఆ సభలో మాట్లాడే వంతు కావాలంటే, ఎవరి ప్రసంగమైనా ముగిసినప్పుడల్లా లేచి నిలబడాలి. స్పీకర్ పిలవకపోతే కూర్చోవాలి. మళ్ళీ లేవాలి. ఆ మోకాలితో ఆయన గంటలో పదిసార్లు లేచి కూర్చోవడం ఒకరోజు అత్తమ్మ చూసింది.

“ఏం తప్పు జేసిండే పాపం, గుంజీలు తీస్తుండు?”

ఇంకోసారి ఆయన ఊరివాళ్ళ సంతకాలతో ఒక అర్జీ తెచ్చాడు. చదివి వినిపించి, మెల్లగా నడుచుకుంటూ స్పీకర్ కుర్చీ వెనకకు పోయాడు. అక్కడొక సంచి వేలాడుతుంటుంది. అర్జీలు అందులో వేయడం వాళ్ళ ఆచారం. ఆయన కాగితాన్ని అందులో వేసి, సంచిని ఒకసారి తట్టి వచ్చి కూర్చున్నాడు.

“సంచిల ఏసిండా?” అంది అత్తమ్మ. “ఇగ అయినట్టే. సంచిల వడ్డ కాయితం సంతకు వోయిన బర్రె లెక్క. మల్ల ఇంటికి రాదు.”

ఆ మాటకు నేను పడీపడీ నవ్వాను. ఆ రోజు నవ్వగలిగాను.

బుజ్జి పగలు నిద్రపోయేది ముప్పావుగంట. అందులో పన్నెండు నిమిషాలు ఈయనే తినేసేవాడు. కొన్నాళ్ళకు నేనొక ఉపాయం పట్టాను. దగ్గు వినాలి. మొదటి వాక్యం సరిచూడాలి. చివరికి జరిపి “కృతజ్ఞుణ్ణి” వచ్చిందో లేదో చూడాలి. రిపీట్ నొక్కాలి. అయిపోయింది. మధ్యలో కంప్యూటర్ ఏం టైపు చేసిందో అట్లాగే వదిలేసేదాన్ని. ఎట్లాగూ సారాంశంలోకి పోనిదాన్ని దిద్దడమెందుకు?

అత్తమ్మకు అది నచ్చలేదు. “మొత్తం ఇనకుండనే ఒత్తినవేందే?”

“ఇన్నదే కదా అత్తమ్మా. గుమ్మం కాడ దగ్గుతోనే తెలుస్తది, వచ్చింది ఎవలో, ఎందుకొచ్చిండో.”

“బీడీని గుడ చేతవట్టి సూసినంకనే పారేస్తరు కార్ఖానల” అంది.

బీడీలకూ ప్రసంగాలకూ పోలికేంటని విసుక్కున్నాను. ఆయన ఆఖరిసారి మాట్లాడింది కూడా అట్లాగే నొక్కేశాను. సభ ముగిసేముందు ఒక్క సభ్యుడికి అరగంట ఇచ్చే పద్ధతొకటి ఉంది. ఆ సభ్యుడు, జవాబు చెప్పే మంత్రి, అధ్యక్ష స్థానంలో ఒకరు. మిగతా బెంచీలన్నీ ఖాళీ. ఆయన ఖాళీ బెంచీలవైపు తిరిగి, నిండు సభకు చెప్పినట్టే చెప్పాడు. తెర మీద చూస్తే నాకు కొంచెం సిగ్గనిపించింది, ఆయన తరఫున. పన్నెండు సెకన్లు విని రిపీట్ నొక్కాను.

పోయిన వానాకాలం బుజ్జికి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం రెండింటప్పుడు నా ఒళ్ళోనే కళ్ళు పైకి తేలేసింది. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. పెదాలు నల్లబడ్డాయి. మా ఆయన కామారెడ్డిలో ట్రాక్టర్ షోరూంలో పనిలో ఉన్నాడు. నేనూ అత్తమ్మా పాపనెత్తుకుని ఆటో ఎక్కాం. వాగు దగ్గరికొచ్చేసరికి కల్వర్టు కనపడడం లేదు. దాని మీదనుంచి ఎర్రనీళ్ళు పోతున్నాయి. ఆటో ఆగిపోయింది.

బిగుసుకున్న ఒళ్ళు కాసేపటికి దానంతటదే సడలింది. కానీ పాప కళ్ళు తెరవలేదు. ఆ ఒడ్డున గంటన్నర కూర్చున్నాం. అటు ఒడ్డు నుంచి చూస్తే ఎల్లారెడ్డి ఎంత దూరమని? అత్తమ్మ నీళ్ళవైపు వీపు పెట్టి కూర్చుంది. భయంతో అనుకున్నాను.

సాయంత్రం ఎల్లారెడ్డిలో డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. జ్వరంతో వచ్చే ఫిట్స్, అయిదారేళ్ళ వయసుకు పోతాయి, భయపడొద్దు అన్నాడు. “కానీ అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం లేట్ చెయ్యకుండ్రి, ఉరికొచ్చెయ్యుండ్రి.”

అయిదు నిమిషాలు. వాగు తగ్గడానికి గంటన్నర. అప్పటినుంచి నా బతుకు ఈ రెండింటి మధ్యనే నడుస్తోంది. మబ్బు పడితే బుజ్జి నుదురు తాకుతాను. నుదురు వెచ్చగుంటే ఆకాశం చూస్తాను.

కల్వర్టు తీసేసి ఎత్తు వంతెన కట్టమని అర్జీ రాశాను. మొదటిసారి ఆఫీసులో అందరూ మంచిగా మాట్లాడారు. బుజ్జికి బిస్కెట్ కూడా ఇచ్చారు. రెండోసారి చూస్తం అన్నారు. మూడోసారి కామారెడ్డి పోయాను, బుజ్జిని చంకనేసుకుని. ఏ ఆఫీసో చెప్పను, చెప్పినా ఏం లాభం లేదు. అర్జీలు కంప్యూటర్‌లో ఎక్కించే ఆయన నలభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. ఫ్యాను నావైపు తిప్పి, కాగితం మీద మొదటి రెండు లైన్లు చదివాడు.

“మీది ఇంతకుముందే అచ్చింది గద చెల్లె.”

“అర్జీ అచ్చింది అన్నా. వంతెన రాలేదు.”

ఆయన నవ్వాడు. “గదే అంటున్న. ఇది పాతదే. మల్ల కొత్తగ ఎక్కియ్యరాదు. రిపీట్ల వెడుతున్న. పాతదాంట్ల కలుస్తది, ఫికర్ వడకు.”

చూపుడు వేలు ఎత్తి ఒక్క మీట నొక్కాడు. కాగితం తిరగేయలేదు. వెనక పేజీలో నేను రాసింది ఇది: ఈ నెలలో పాపకు రెండోసారి ఫిట్స్ వచ్చింది, ఈసారి నాలుగు నిమిషాలు ఉంది, ఆ రోజు వాన లేదు కాబట్టి బతికిపోయాం.

“వెనక్కి తిప్పి చూడన్నా” అందామనుకున్నాను. ఆయన అప్పటికే ఇంకొకరి కాగితం అందుకున్నాడు. ఆయన మీద కోపమూ రాలేదు. ఆ వేలు చూస్తుండిపోయాను. అది నా వేలే. అదే తొందర, అదే మంచితనం, అదే ‘తెలిసిందే కదా’.

ఎల్లారెడ్డి బస్సులో ఇల్లు చేరాను. బుజ్జిని అత్తమ్మకిచ్చి కంప్యూటర్ తెరిచాను. పాత పనిలో నేను రిపీట్ నొక్కిన ఆయన ప్రసంగాలు వెతికితే పదకొండు దొరికాయి. రోజుకు రెండు మూడు చొప్పున, బుజ్జి నిద్రపోయినప్పుడు, మొదటినుంచి చివరిదాకా విన్నాను.

మొదటి మాట పాతదే. చివరి మాట పాతదే. మధ్యలో ప్రతిసారీ ఒక కొత్త తల్లి ఉంది. ఒకసారి రొట్టెల దుకాణంలో పనిచేసే అమ్మాయి, గొర్రెల మలుపు దగ్గర కారు వెనకసీట్లో కన్నది. ఒకసారి ఫోనులో నర్సు చెబుతుంటే భర్తే పురుడు పోస్తున్నాడు, ఫోను అందని మలుపు వచ్చేసరికి నర్సు గొంతు ఆగిపోయింది. ఖాళీ బెంచీల రోజున చెప్పింది ఒక టీచరు గురించి. రెండో కాన్పుకు రెండు నెలల ముందే ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోయిందట. “మా ఊళ్ళో పిల్లల్ని కనడానికి జనం భయపడుతున్నారు” అన్నాడు. అన్నాక కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ పదకొండుమందికీ నేను రాసిపెట్టింది ఒకటే వాక్యం. పాత విషయమే ప్రస్తావించారు. దిద్దుదామంటే పంపేసిన పనిని రెండు రోజులు దాటాక ముట్టుకోనివ్వరు.

ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అంత ముఖ్యమైనదాన్ని మధ్యలో ఎందుకు దాచావు పెద్దాయనా? ముందే చెప్పొచ్చు కదా! ఆ దగ్గూ, ఆ కాగితం తట్టడం, ఆ క్షమాపణ చెప్పుకోననే గొప్పా మానేసి, లేవగానే రొట్టెల అమ్మాయి గురించి చెప్పి ఉంటే నా వేలు ఆగేది కదా! ఈ కోపమంతా అయ్యాక నా అర్జీ గుర్తొచ్చింది. నేనూ వెనక పేజీలోనే రాశాను.

మంగళవారం వచ్చిన నివాళులు పద్నాలుగు. పద్నాలుగూ చివరిదాకా విన్నాను. పట్టుదల, ఓపిక, పాతకాలపు మర్యాద. వార్డు తెరుస్తామని ఒక్కరూ అనలేదు. ఆయన చెప్పిన తల్లుల్లో ఒక్కరి మాటా రాలేదు. మొదటిదానికి ‘కొత్త విషయం’ నొక్కాను. మిగిలిన పదమూడింటికీ రిపీట్ నొక్కాను. ఈసారి విని నొక్కాను.

అత్తమ్మ గోడ దగ్గరనుంచి అడిగింది. “ఏందే, అందరు మాట్లాడుతున్నరు, పురుడు తాత మాట్లాడ్తలేడు?”

“పోయిండు అత్తమ్మా.”

ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఆగిపోయింది. బుజ్జి మా ఇద్దరి మొహాలూ చూసింది.

“దవఖాన?”

“ఇయ్యలేదు.”

అత్తమ్మ ఆ సగం బీడీని చేటలో పెట్టింది. తర్వాత, “మరి ఇప్పుడు ఎవలు అడుగుతరే?” అంది.

సోమవారం కామారెడ్డి పోవాలి, నాలుగో అర్జీ రాయాలి అని మాట మార్చాను. ఈసారి ఇంకొకరి ముచ్చట ఏదన్నా దొరికితే బాగుండు, లేకపోతే మళ్ళీ పాతదే అంటారు అన్నాను.

అత్తమ్మ చేటలోని తంబాకును వేళ్ళతో చదును చేస్తూ కూర్చుంది. “నా పెద్దబిడ్డ గా ఒడ్డుకే పుట్టింది” అంది, నావైపు చూడకుండా. “నొప్పులు లేస్తె ఎడ్లబండిల పండవెట్టి తోలుకపోయిండ్రు. వాగు నిండుగ వోతున్నది. తెల్లందాక ఆగితిమి. నీళ్ళు తగ్గెవరకు బిడ్డ చల్లగయింది. గాడనే ఉన్నది, ఇవుతలి ఒడ్డుకు.”

మా ఆయనకు ఒక అక్క ఉండేదని ఈ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ రోజు బుజ్జితో మేము గంటన్నర కూర్చున్న చోటు, ఆమె నీళ్ళకు వీపు పెట్టిన చోటు, అదే.

“ఎన్నడు చెప్పలేదేంది అత్తమ్మా?”

“మీ మామకు ఎరుకే. ఇంకెవలు అడిగిన్రు?” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “గా ముసలాయన దినాం అడుగుతుంటే, నా బిడ్డ గురించే అడుగుతుండనుకున్న. రాయి. నా ముచ్చట రాయి.”

అది నాలుగు రోజుల కిందటి మాట. ఇప్పుడు అందరూ పడుకున్నారు. అర్జీ నా ముందుంది. బుజ్జి నుదురు రెండుసార్లు తాకి చూశాను, చల్లగానే ఉంది. ఆ రోజు అత్తమ్మతో నేనన్న మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగొస్తుంది. కాగితం, పెన్ను తెచ్చుకుని కూడా, సోమవారం ఆ కంప్యూటర్ ముందు ఏమంటారో అన్న భయంతో అన్నాను.

“ముప్పై అయిదేండ్ల కిందటిది కదా అత్తమ్మా. ఇది గూడ పాతదే అంటరేమో.”

“జరిగింది పాతదే. నేను చెప్పుడు గిదే మొదలు” అంది. చేట పక్కన పెట్టి, కాళ్ళు సర్దుకుని, నా చేతిలోని కాగితం ఏ వైపు తిరిగి ఉందో వంగి చూసింది.

“ముందలి దిక్కే రాయి.”